ఒకే కార్డు మీద ముగ్గురు

అల్ సువైక్,
ఒమాన్,
13 అక్టోబర్ 2023

ఆపాకు సఫూరా సలాం.

ఈరోజే ఫోన్లో మాట్లాడి మళ్లీ ఉత్తరమేమిటి అనుకుంటావు. ఫోన్లో అటు నీ పక్కన అబూబకర్ బావ, గోడవతల చాంద్ బీ. ఇటు వంటగదిలో మేడం. అందరూ వింటుంటే ‘తిన్నారా, బాగున్నారా’ తప్ప వేరే మాట రాదు. ఇది నీకొక్కదానికే. మనం అక్కాచెల్లెళ్లం మాట్లాడుకునేది తురకమైనా రాయడానికి వచ్చింది తెలుగే కదా, రాయచోటి బడి పుణ్యమా అని. ఇక్కడ నీళ్ల ట్యాంకరు నడిపే దస్తగిర్‌ది లక్కిరెడ్డిపల్లె. సెలవు మీద వస్తున్నాడు, అతని చేతికిస్తున్నా.

నా పని మారింది. ఏడేళ్లుగా వంటా, ఇల్లూ చూశాను కదా. ఇప్పుడు మేడం వాళ్ల మామగారు నాసర్ బాబాను చూసుకోవాలి. ఆయనకు కంటి నడిమి చూపు పోయింది. ఎదురుగా ఉన్న మనిషి ముఖం కనిపించదు, ఆ పక్కనున్న గోడ కనిపిస్తుంది. అందుకని మనల్ని చూడాలంటే తల పక్కకు తిప్పుకుంటాడు. కొత్తలో నా మీద కోపమేమో అనుకున్నా.

పోయిన వారం ఖర్జూరపు తోట వైపున్న సామాన్ల గది తాళం తీయించాడు. లోపల అట్టపెట్టెలు, వాటి నిండా అరచేతంత కార్డులు. ఒక్కో కార్డు మీద ఒక్కో ఆటగాడి ఫోటో. మన చిన్నప్పుడు మగపిల్లలు అగ్గిపెట్టెల బొమ్మలు దాచేవాళ్లు చూడు, అట్లాంటివే. బేస్‌బాల్ అని అమెరికా వాళ్ల ఆట. ఒకడు బంతి విసురుతాడు, ఒకడు కర్రతో కొడతాడు. ఈ కార్డులు అప్పట్లో బబుల్‌గమ్‌తో పాటు వచ్చేవట. కొన్నింటి వెనక ఆ గమ్ మరక ఇంకా ఉంది.

బాబాకు హిందీ బాగా వచ్చు. నన్ను కూర్చోబెట్టి, “పేరున్నవాళ్లవి పక్కన పెట్టు. వాళ్ల గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. పేరు లేనివాళ్లవి చదువు” అన్నాడు.

“వాళ్లెవరో నాకెట్లా తెలుస్తుంది బాబా?”

“వెనక వాళ్లు ఆడిన ఆటల అంకెల పట్టీ ఉంటుంది. ఎవరిది పొట్టిగా ఉంటే వాళ్లే.”

పదో తరగతి ఇంగ్లీషు ఇన్నాళ్లకు పనికొచ్చింది. కూడబలుక్కుని చదువుతున్నా. ఎర్ల్ డాబ్రిన్ అని ఒకడు రెండేళ్లు ఆడాడు. ‘చలికాలంలో తండ్రి కోళ్లఫారంలో పని చేస్తాడు’ అని ఉంది. విన్ కార్మొడీ అని ఇంకొకడు నాలుగే ఆటలు ఆడాడు. ‘ఇతనికి ఆరుగురు అక్కలు’ అని రాశారు. ఆట గురించి రాయడానికేమీ లేక అక్కల గురించి రాశారన్నమాట. మొదట నవ్వొచ్చింది. తర్వాత ఆ కార్డు కింద పెట్టబుద్ధి కాలేదు.

డాబ్రిన్ కార్డులు రెండున్నాయి. ‘నీ కూతురికి పంపు’ అని ఒకటి తహ్సీన్ కోసం బాబానే ఇచ్చాడు. దానితో పాటు ఎప్పటిలాగే పిల్లకొక చీటీ రాశా. మూడు శుక్రవారాలుగా అది ఫోన్ దగ్గరికి రాలేదు ఆపా. ఆడుకోడానికి పోయిందంటావు. సరే, ఆడుకోనీ. చీటీలు చదువుతోందా? చదివి ఏమంటోంది? ఒక్క మాటైనా రాయి.

నీ
సఫూరా


రాయచోటి,
20 నవంబర్ 2023

సఫూరాకు దీవెనలు.

దస్తగిర్ ఉత్తరమూ ఖర్జూరాలూ ఇచ్చి టీ తాగి వెళ్లాడు. పెద్దమనిషి. నువ్వు చిక్కిపోయావన్నాడు. ఆ ముసలాయన్ను చూసుకుంటూ నీ తిండి మానుకోకు.

ఇక్కడ అంతా క్షేమం. బావ పండ్ల బండి బస్టాండు లోపలికి మార్చారు, బేరం పరవాలేదు. తహ్సీన్ ఇప్పుడు నా భుజం దాకా వచ్చింది. ఏడో తరగతిలో తెలుగులో మొదటి మార్కు దానిదే. పోయిన నెల తలనిండా పేలు. గుండు కొట్టిస్తానంటే ఇల్లు పీకి పందిరేసింది. చివరికి నేనే వారం రోజులు మెట్ల మీద కూర్చోబెట్టుకుని పేలదువ్వెనతో దువ్వాను. నిమ్మకాయ బద్దను ఉప్పులో అద్దుకుని తింటూ కథలు చెబుతుంది, పంతుళ్ల నడకలన్నీ నడిచి చూపిస్తుంది. నువ్వు చూసుంటే నవ్వలేక చచ్చేదానివి.

కార్డు దానికిచ్చాను. లెక్కల పుస్తకంలో పెట్టుకుంది. చీటీ కూడా చదివింది. పిల్లలు కదా, చదివి ఊరుకుంటారు. ఏమీ అనలేదు.

మే నెలలో నీ వీసా అయిపోతుందని బావ అంటున్నారు. మేడం మళ్లీ వేస్తానంటే కాదనకు. ఇంకో రెండేళ్లుంటే పిల్ల పదో తరగతి దగ్గర పడుతుంది. నువ్విప్పుడు వచ్చి ఇక్కడ చేసేదేముంది? నేను లేనా? మంచి ఇల్లు దొరకడం కష్టం. తొందరపడి ఏ నిర్ణయమూ తీసుకోకు.

చలికి మోకాలు పట్టేస్తోంది. ఉంటాను.

నీ ఆపా
రషీదున్నీసా


అల్ సువైక్,
18 జనవరి 2024

ఆపాకు సలాం.

పేల సంగతి నాలుగుసార్లు చదివాను. అది నిమ్మకాయ తింటుందని నాకు తెలియదు. నేను వచ్చేసేనాటికి పులుపు నోట పెట్టేది కాదు.

బాబా ఎవరి కార్డు వెతుకుతున్నాడో ఇప్పటికి తెలిసింది. మూడు నెలలు చదివించుకున్నాక చెప్పాడు.

1979లో ఆయన్ను ప్రభుత్వం నీళ్ల ఇంజనీరింగ్ చదవమని అమెరికా పంపింది. అప్పటికి ఇరవై రెండేళ్లు. చిన్న ఊరు, ఎముకలు కొరికే చలి, అంతంతమాత్రం ఇంగ్లీషు. ఒక ముసలామె ఇంట్లో గది అద్దెకు తీసుకున్నాడు. పక్క గదిలో రాయ్ పెల్కీ అని బంతి విసిరే ఆటగాడుండేవాడు. ఆ ఊరి చిన్న జట్టు అతనిది. సాధన చేసుకోడానికి అతనికి బంతి పట్టేవాడు కావాలి. మన బాబాకు మాట్లాడేవాడు కావాలి.

“రోజూ సాయంత్రం పెరట్లో అతను విసిరేవాడు, నేను పట్టేవాణ్ని. మొదటి వారం నా అరచేయి వాచిపోయింది. పెద్దగా మాటలుండేవి కావు. బంతి అటూ ఇటూ పోతుంటే మాట్లాడుకున్నట్టే ఉండేది” అన్నాడు బాబా. చెబుతుంటే ఎడమ అరచేయి దానంతటదే తెరుచుకుంది.

మూడేళ్లు అట్లా గడిచాయి. ఒకరోజు బాబా పరీక్ష రాసి వచ్చేసరికి పక్క గది ఖాళీ. పెద్ద జట్టు నుంచి కబురొచ్చి రాయ్ వెళ్లిపోయాడు. బాబా రేడియో పెట్టుకుని అతని ఆటలన్నీ విన్నాడు. అన్నీ కలిపి పదకొండు. తర్వాత రాయ్ భుజం దెబ్బతింది, ఇంటికి పంపేశారు. అతను తిరిగి ఆ ఊరు చేరేసరికి బాబా చదువు ముగించుకుని ఒమాన్ వచ్చేశాడు.

“ఉత్తరం రాయలేదా బాబా?”

“పదకొండు ఆటలతో అయిపోయినవాడికి ఏమని రాయాలి? ఓదారిస్తే చిన్నబోతాడనుకున్నా. వచ్చే ఏడు రాద్దామనుకున్నా. ఆ ఏడు నా పెళ్లి. పై ఏడు ఇంకేదో. ఆలస్యమైన కొద్దీ రాయడం ఇంకా కష్టమైంది.”

పదకొండే ఆటలు ఆడినా రాయ్ పేరున ఒక కార్డు అచ్చయింది. అదీ అతనొక్కడిదే కాదు. కొత్తవాళ్లను ముగ్గురిని కలిపి ఒకే కార్డు మీద వేసేవాళ్లట. బాబా ఏళ్ల తరబడి, అమెరికా వెళ్లి వచ్చేవాళ్లందరి చేతా పాత కార్డుల పెట్టెలు తెప్పించుకున్నది ఆ ఒక్క కార్డు కోసం. చివరి నాలుగు పెట్టెలు వచ్చేసరికి చూపు పోయింది. కొడుకులను అడగడానికి మొహమాటపడ్డాడు. అవి విప్పకుండా అట్లాగే ఉన్నాయి. ఇప్పుడు రోజుకు రెండు వందల చొప్పున చూస్తున్నా.

మేడం వీసా సంగతి అడిగింది. ఆలోచించి చెబుతానన్నా.

ఇంకొకటి. పోయిన శుక్రవారం నువ్వు వాకిట్లో ఉన్నట్టున్నావు, తహ్సీన్ ఫోనెత్తింది. కార్డు బాగుందా అని అడిగాను. “ఏం కార్డు?” అంది ఆపా.

సఫూరా


రాయచోటి,
12 ఫిబ్రవరి 2024

సఫూరా,

తిట్టి ఉంటే నేనూ నాలుగు మాటలనేదాన్ని. నువ్వు తిట్టలేదు. అమెరికావాడి కథంతా రాసి, అడుగున ఒక్క ముక్క రాసి వదిలేశావు. పది రోజులుగా ఆ ముక్క నన్ను అన్నం తిననివ్వడం లేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేనే బయటపడుతున్నా.

కార్డు దానికివ్వలేదు. చీటీ ఇవ్వలేదు. అదొక్కటే కాదు, రెండేళ్లుగా నువ్వు దానికి రాసినవేవీ ఇవ్వలేదు. అన్నీ బియ్యం డబ్బా వెనక రేకుపెట్టెలో ఉన్నాయి. చింపలేదు, అంతమాత్రం నమ్ము. శుక్రవారం నీ ఫోన్ వచ్చే వేళకు ఏదో ఒక పని చెప్పి దాన్ని బయటికి పంపేది కూడా నేనే.

ఎందుకంటావా? నువ్వు 2020లో వచ్చి వెళ్లావు చూడు, తర్వాత పది రోజులు అది గేటు దగ్గరే కూర్చుంది. ఆటో చప్పుడైతే లేచేది. బతిమాలితే రెండు ముద్దలు తినేది. నీ ఉత్తరం వచ్చినప్పుడల్లా మళ్లీ అదే తంతు. పిల్లకు ఆ బాధ వద్దనుకుని మొదలుపెట్టాను. ఇది నిజమే. కానీ మొత్తం నిజం కాదు.

ఐదో తరగతిలో చేర్చేటప్పుడు కొత్త టీచరమ్మ నన్ను చూసి, “ఎవురు పాపా, మీ యమ్మనా?” అని అడిగింది. అది నా కొంగు పట్టుకుని, “ఆ, మా అమ్మీనే” అంది. నేను సరిదిద్దలేదు సఫూరా. ఆ పూట ఇంటికొచ్చాక కూడా ఏమీ అనలేదు. మర్నాటి నుంచి అది నన్ను అట్లాగే పిలుస్తోంది. ఇరవై రెండేళ్ల కాపురంలో నన్ను ఆ మాటతో పిలిచినవాళ్లు లేరు. పిలుపు విని నేను పలికేదాకా ఆగి, మళ్లీ ఒకసారి పిలుస్తుంది, ఊరికే.

నువ్వొస్తే దాన్ని తీసుకుని వేరే ఇల్లు చూసుకుంటావు. తప్పేముంది, నీ బిడ్డ. అప్పుడు ఈ ఇంట్లో నేనూ మీ బావా ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ కూర్చోవాలి. అందుకే వీసా వేయించుకోమన్నాను. పదో తరగతీ లేదు, ఏమీ లేదు.

క్షమించమని అడగను. అడిగితే నువ్వు క్షమించేస్తావు, అది నాకింకా బరువు. పెట్టె ఇంకా దానికివ్వలేదు. రోజుకొకసారి బియ్యం డబ్బా జరుపుతాను, మళ్లీ తోసేస్తాను.

రషీదున్నీసా


అల్ సువైక్,
24 మార్చి 2024

ఆపా, సలాం.

నీ ఉత్తరం అంది నెల కావస్తోంది. కోపం తగ్గాక రాద్దామని ఆగాను. తగ్గలేదు. అయినా రాస్తున్నా.

అది చదివిన రోజు బాబాకు కహ్వా కాఫీలో ఏలకులు వేయడం మరిచి ఉత్త నీళ్లలాంటిది ఇచ్చాను. తల పక్కకు తిప్పి నన్ను చూశాడు.

“ఇంట్లో ఎవరైనా పోయారా?”

“ఎవరూ పోలేదు బాబా. అందరూ ఉన్నారు.”

“ఉన్నవాళ్లతోనే గొడవైతే నీకింకా సమయముంది” అన్నాడు. నాకు ఆయన మీద కూడా కోపమొచ్చింది.

రంజాన్‌కు నాలుగు రోజుల ముందు కార్డు దొరికింది. మూడో పెట్టెలో, అడుగు నుంచి రెండో కట్టలో. మూడు చిన్న ఫోటోలు, చివరివాడి కింద ఆర్. పెల్కీ. చెవులు కొంచెం పెద్దవి, టోపీ నుదుటి మీదికి లాగి ఉంది. నేను తీసుకెళ్లి బాబా చేతిలో పెట్టాను. ఆయన దాన్ని పైకీ కిందికీ, చూపు ఉన్న అంచు వైపుకూ తిప్పి తిప్పి చూశాడు. అరగంట పాటు అది తప్ప ఆయనకు లోకం లేదు. తర్వాత, “నవ్వుతున్నాడా?” అని అడిగాడు. లేదు, బిగపట్టుకుని ఉన్నాడని చెప్పాను. “అవును. ఫోటో అంటే వాడికి భయం” అన్నాడు.

వెనక అతని సొంతూరి పేరుంది. మేడం ఆ ఊరి లైబ్రరీకి ఈమెయిల్ పంపింది. వారానికి రాయ్ చెల్లెలి దగ్గర నుంచి జవాబొచ్చింది. అతను చనిపోయి పదమూడేళ్లయిందట. చివరిదాకా బడి బస్సు నడిపాడట. పెద్ద జట్టులో ఆడిన సంగతి ఎవరైనా ఎత్తితే మాట తప్పించేవాడట కానీ, ఒమాన్ నుంచి వచ్చిన ఒక కుర్రాడు తన బంతులన్నీ ఉత్త చేతులతో పట్టాడని మాత్రం అందరికీ చెప్పేవాడట. బాబా చిరునామా కోసం రెండుసార్లు కాలేజీ ఆఫీసుకు వెళ్లాడట. వాళ్లు ఇవ్వలేదు.

మేడం చదివి వినిపించి లేచి వెళ్లిపోయింది. బాబా నాతో, “వాడు రెండుసార్లు అడిగాడు. నేను ఒక్కసారీ అడగలేదు” అన్నాడు. ఆ రోజు నుంచి కార్డులు చదవమనలేదు.

మేడం వీసా కాగితాలు తెచ్చింది. నేను సంతకం పెట్టలేదు. బాబాకు చెబితే ముందు చిన్నపిల్లాడిలా గొడవపడ్డాడు. “నా అన్నం ఎవరు కలుపుతారు, గోడ ఎక్కడుందో ఎవరు చెబుతారు?” అన్నాడు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు తనే మేడంను పిలిచి, టికెట్ తొందరగా చూడమన్నాడు. మే తొమ్మిదిన బెంగళూరు విమానం.

ఇప్పుడు నీ సంగతి. తహ్సీన్ నిన్ను అమ్మీ అంటే అననీ. దాని జ్వరాలు చూసింది నువ్వు, పేలు తీసింది నువ్వు. ఆ పిలుపు నీకు దక్కకూడదని నేనెట్లా అనగలను? నేను వేరే ఇల్లు చూసుకుంటానో, నీ మిద్దె మీద గది వేసుకుంటానో నాకింకా తెలియదు. ఏం పని చేసుకుని బతుకుతానో కూడా తెలియదు. అవన్నీ వచ్చాక ఇద్దరం కూర్చుని మాట్లాడుకుందాం, కావాలంటే పోట్లాడుకుందాం.

కానీ ఆ చీటీలు మాత్రం నేను రాకముందే దాని చేతికి ఇవ్వాలి. నువ్వే ఇవ్వాలి. అది నన్ను మరిచిపోతే ఓర్చుకుంటా. నేనే దాన్ని మరిచానని అనుకుంటూ రెండేళ్లు పెరిగింది చూడు, అది ఓర్చుకోలేకపోతున్నా.

సఫూరా


రాయచోటి,
15 ఏప్రిల్ 2024

సఫూరాకు,

ఇచ్చేశాను. పండగ మర్నాడు, మీ బావ బండికి వెళ్లాక.

రేకుపెట్టె దాని ముందు పెట్టి మూత తీశాను. అది ఒక్కొక్కటీ తీసి తేదీలు చూసుకుంది.

“ఇన్ని రాసినాదా?”

“రాసింది.”

“నువ్వు దాచిపెట్నావా?”

“దాచినా.”

ఎందుకని అడుగుతుందని జవాబు సిద్ధం చేసుకున్నాను. అడగలేదు. పెట్టె ఎత్తుకుని మిద్దె మీదికి పోయింది. మధ్యాహ్నం అన్నానికి దిగలేదు. నేను పైకి పోయి చూస్తే నీళ్ల ట్యాంకు నీడలో అన్నీ వరసగా పరిచి, ఎగిరిపోకుండా వాటి మీద రాళ్లు పెట్టి చదువుతోంది. నన్ను చూసి వీపు తిప్పుకుంది.

రెండు రోజులు నాతో మాట లేదు. ఏం కావాలన్నా మీ బావతోనే. ఆయన ఇద్దరి మధ్యా నలిగిపోయి, “మీ యాపారం నాకేమీ అర్థం గాల్యా” అని బండి దగ్గరే కూర్చున్నారు. మూడో రోజు వంటగదిలోకి వచ్చి, “ఖాలా, ఉప్పు యాడ పెట్నావు?” అంది.

మూడేళ్ల తర్వాత, అమ్మీ పోయి మళ్లీ ఖాలా, పెద్దమ్మ. ముల్లు దిగినట్టయింది. అయినా మాట్లాడింది కదా అని ఉప్పు తీసిచ్చాను. నిమ్మకాయ బద్దలో సగం నాకిచ్చింది. ఇద్దరం నిలబడే తిన్నాం. నీకు నేను రాసిన అబద్ధాలన్నీ దానికి చెప్పాను. అది విని, “అట్లయితే నువ్వు గూడా అమ్మకు లెటరు రాసి సారీ చెప్పాల” అంది. చెబుతున్నా. ఈసారి నువ్వు క్షమించినా సరే, క్షమించకపోయినా సరే.

నీ చీటీల్లో నువ్వడిగిన ప్రశ్నలన్నింటికీ అది జవాబులు రాస్తోంది. రెండేళ్ల కింద నువ్వు ‘పన్ను ఊడిందా’ అని అడిగావట, దానికి కూడా రాసింది. పోస్టు చేస్తానంటే వద్దంది, చేతికే ఇస్తుందట.

బెంగళూరుకు నేను రాననుకున్నాను. ఏ ముఖం పెట్టుకుని రావాలి? మీ బావా, అదీ వెళ్తే చాలన్నాను. నిన్న జడ వేస్తుంటే అదే ఎత్తింది.

“నువ్వు రాకుంటే నేనూ పోను.”

“ఎందుకే? మీ యమ్మ వచ్చేది నీ కోసరమే గదా.”

తల నా వైపు తిప్పకుండానే చెప్పింది. “అమ్మ బయటికి వచ్చినప్పుడు నేనేం జెయ్యాల్నో నాకు తెలీదు ఖాలా. ఫోన్లో అయితే మాట్లాడతా. నిజంగా వస్తే ఉరికి పోవాల్నా, నిలబడాల్నా? నువ్వు ముందు పో. నువ్వు ఎట్ల పట్టుకుంటావో చూసి నేనూ అట్లే పట్టుకుంటా.”

ఎనిమిదో తేదీ బస్సుకు ముగ్గురికీ సీట్లు చెప్పాం. నిన్ను పట్టుకుని నాకూ నాలుగేళ్లయింది సఫూరా, జాగ్రత్తగా రా.

రషీదున్నీసా